18,642 చదవని మెయిళ్లు: ఇన్‌బాక్స్‌ను అదుపులో ఉంచుకునే తేలికైన పద్ధతి ఏది?

గూడెం అధ్యాపకురాలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను తాడేపల్లిగూడెంలో ఒక జూనియర్ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తాను. 2009లో తెరిచిన జీమెయిల్ ఖాతానే ఇప్పటికీ వాడుతున్నాను. బ్యాంకు సమాచారం, కరెంటు బిల్లులు, రైలు టికెట్లు, కళాశాల సర్క్యులర్లు, పిల్లల ఫీజు రసీదులు, ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి వస్తువు బిల్లూ అందులోకే వస్తాయి. ఈ రోజు ఉదయం చూస్తే చదవని మెయిళ్ల సంఖ్య 18,642 ఉంది. ఇన్నేళ్లూ ఆ అంకెను పట్టించుకోకుండా గడిపేశాను గాని, పోయిన నెలలో జరిగిన ఒక సంగతి తర్వాత ఇక అలా ఊరుకోలేకపోతున్నాను.

మా నాన్నగారి పేరున నాలుగేళ్లుగా ఆరోగ్య బీమా కడుతున్నాము. ఆయనకు షుగరు ఉంది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు బీమా వర్తించకుండా పెట్టే నిరీక్షణ కాలం కూడా ఎలాగో గట్టెక్కింది. పోయిన నెల కంటి శుక్లం ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వెళ్లి బీమా కౌంటరులో కార్డు ఇస్తే, అక్కడి అమ్మాయి కంప్యూటరులో రెండుసార్లు చూసి, పాలసీ గడువు ముగిసి 41 రోజులైందని నెమ్మదిగా చెప్పింది. ఏడాదికొకసారి ప్రీమియం కట్టే పాలసీకి గడువు తీరాక ఇచ్చే 30 రోజుల వెసులుబాటు కూడా దాటిపోయిందన్నమాట. మాకు కబురే రాలేదనుకుంటూ ఆ కుర్చీలోనే కూర్చుని ఫోనులో వెతికితే, బీమా సంస్థ పంపిన మెయిళ్లు మూడు కనిపించాయి. మూడూ జీమెయిల్ ప్రకటనలను విడిగా వేసే ప్రమోషన్స్ ట్యాబులో, చీరల రాయితీల ప్రకటనల మధ్య, తెరవకుండా ఉన్నాయి. ఫోను నంబరు మార్చినప్పుడు వాళ్లకు తెలియజేయకపోవడం వల్ల ఎస్సెమ్మెస్ కూడా అందలేదు. ఆపరేషన్ ఖర్చు చేతినుంచి పెట్టుకున్నాము, దానికి నేను బాధపడటం లేదు. కొత్త పాలసీ తీసుకుంటే షుగరుకు సంబంధించిన నిరీక్షణ కాలాన్ని మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారన్న సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

రెండేళ్ల కిందట ఒకసారి ప్రయత్నించాను. వేసవి సెలవుల్లో కూర్చుని 34 లేబుళ్లు తయారుచేశాను. బ్యాంకు, బ్యాంకు-నాన్న, పన్ను, పన్ను-పాతవి, కళాశాల, కళాశాల-పరీక్షలు, ఇలా సాగింది. ఒక్కొక్క మెయిలును ఎందులో వేయాలో తేల్చుకోవడానికే సమయమంతా సరిపోయేది; నాన్నగారి బ్యాంకు నుంచి వచ్చిన పన్ను పత్రం ఎక్కడికి వెళ్లాలో ఆలోచిస్తూ కూర్చున్న రోజు నాకు బాగా గుర్తు. జూన్‌లో కళాశాల తెరిచాక పది రోజులు కూడా కొనసాగించలేకపోయాను.

కాబట్టి నాకు కావలసింది రోజుకు పావుగంట మించని, పరీక్షల సమయంలో కూడా తప్పకుండా జరిగే పద్ధతి. పాతవాటిని ఏం చేయాలి? తొలగించడానికి భయంగా ఉంది, ఎందుకంటే వాటిలో ఏమున్నాయో నాకే తెలియదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చీరాల వాసి

నమస్కారమండీ. మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగింది. పద్ధతి చెప్పేముందు ఒక పాత సంగతి చెబుతాను, ఎందుకంటే నేను పాటిస్తున్నది అక్కడినుంచి వచ్చిందే.

మా తాతగారి ఇంట్లో వసారా గోడకు ఉత్తరాల తీగ ఒకటి వేలాడుతుండేది. పైకొన కొక్కెంలా వంచి ఉండేది, కిందికొనకు ఉత్తరాలు జారిపోకుండా గుండ్రటి చెక్కబిళ్ల ఉండేది. వచ్చిన ప్రతి కార్డునూ ఆయన వెంటనే దానికి గుచ్చేవారు కాదు. జవాబు రాయవలసిన కార్డును పంచాంగంలో పెట్టుకునేవారు. పంచాంగం పొద్దున్నే తెరిచే పుస్తకం గనుక ఆ కార్డు రోజూ కంటపడేది. జవాబు రాసి డబ్బాలో వేసిన తర్వాతనే అది తీగకు ఎక్కేది. తీగమీద వందల ఉత్తరాలు ఉండేవి, వాటిని ఎవరూ వరసగా సర్దలేదు; ఫలానా పెళ్లి నాటి ఉత్తరం కావాలంటే ఏ ఎత్తులో ఉంటుందో చూసి పైకార్డులు పక్కకు జరిపి తీసేవారు. పని మిగిలిన కాగితానికి ఒక చోటు, పని తీరిన కాగితానికి మరో చోటు ఉండేవి, అంతకుమించి విభజన లేదు.

మీ ఇన్‌బాక్స్ ఆ పంచాంగం కావాలి. ఇప్పుడు అది పంచాంగమూ తీగా కలిసిపోయిన గుట్టగా ఉంది, అందుకే బీమా మెయిలు కనిపించలేదు. జీమెయిల్‌లో తీగకు సమానమైనది ఆర్కైవ్. ఆర్కైవ్ అంటే తొలగించడమని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. ఆర్కైవ్ చేసిన మెయిలుకు ఇన్‌బాక్స్ అనే గుర్తు మాత్రమే తొలగిపోతుంది. మెయిలు ఆల్ మెయిల్ అనే చోట అలాగే ఉంటుంది, వెతికితే ఎప్పుడైనా దొరుకుతుంది. ట్రాష్‌లో వేసినది మాత్రం 30 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది. ఈ రెండింటి తేడా మనసుకు పట్టిందంటే సగం భయం తీరినట్లే. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చినప్పుడు ఒక జీబీ చోటు ఇచ్చి, తొలగించనక్కర లేదు, వెతుక్కోండి అన్నారు. ఆ అమరిక అంతా ఈ ఆలోచన మీదే కట్టినది.

పాతవాటి సంగతి. ఒక ఆదివారం కంప్యూటరు ముందు కూర్చోండి, ఫోనులో ఇది కుదరదు. ముందుగా గత రెండు నెలల మెయిళ్లను మాత్రం పైనుంచి కిందికి చూస్తూ పని మిగిలి ఉన్నవాటికి నక్షత్రం పెట్టండి. లోపలికి వెళ్లి చదవవద్దు, పేరూ విషయమూ చూస్తే చాలు. తర్వాత జాబితా పైన ఎడమవైపున ఉన్న చిన్న గడిని నొక్కితే ఆ పేజీలోని మెయిళ్లు ఎంపికవుతాయి, వెంటనే వాటి పైన మొత్తం సంభాషణలన్నింటినీ ఎంచుకోమంటూ ఒక వాక్యం కనిపిస్తుంది. చాలామంది ఆ వాక్యాన్ని గమనించక పేజీల వారీగా చేస్తూ విసిగిపోతారు. దాన్ని నొక్కి ఆర్కైవ్ చేయండి. ప్రైమరీ, ప్రమోషన్స్, సోషల్, అప్‌డేట్స్ ట్యాబులకు విడివిడిగా ఇదే చేయాలి. వేల సంఖ్యలో ఉంటే కొంతసేపు పడుతుంది, మధ్యలో ఆపవద్దు. చివరికి నక్షత్రం ఉన్నవాటిని తిరిగి ఇన్‌బాక్స్‌లోకి తెచ్చుకోండి. నాకు 11 వేలకు పైగా ఉంటే చివరికి మిగిలినవి ఇరవై మూడు.

ఆ తర్వాత రోజూ చేయవలసింది చాలా తక్కువ. రెండే లేబుళ్లు పెట్టుకోండి. నావి 'చేయాలి', 'ఎదురుచూపు'. ఒక్క నిమిషంలో తేలిపోయే మెయిలుకు అక్కడికక్కడే జవాబిచ్చి ఆర్కైవ్ చేస్తాను. సమయం పట్టేదానికి మొదటి లేబుల్ తగిలిస్తాను. మనం చేయవలసింది చేసేసి అవతలివారి జవాబు కోసం ఆగినదానికి రెండోది. రెండోది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, బ్యాంకుకు ఫిర్యాదు పంపి మరచిపోయే మనలాంటివారికి నిజంగా పనికొచ్చేది అదే. ప్రతి శనివారం ఆ లేబుల్ తెరిచి, వారం దాటినా జవాబు రానివారికి మళ్లీ రాస్తాను.

ఇన్‌బాక్స్‌లో ఎప్పుడూ సున్నా ఉండాలన్న పట్టుదల వద్దండీ. ఇన్‌బాక్స్ జీరో అనే మాటను వ్యాప్తిలోకి తెచ్చిన అమెరికన్ రచయిత మెర్లిన్ మాన్ కూడా, ఆ సున్నా మెయిళ్ల సంఖ్య కాదని, మన మనసులో ఇన్‌బాక్స్ ఆక్రమించే చోటు గురించని వివరించారు. నాకు సాయంత్రానికి నాలుగైదు మిగులుతాయి, హాయిగానే ఉంటుంది.

రాజమండ్రి లెక్కలు

చీరాల వారు చెప్పినదానిలో అధిక భాగం నాకు సమ్మతమే. నేను పాతికేళ్లకు పైగా చిన్న వ్యాపారుల పద్దులు, పన్ను రిటర్నులు చూస్తున్నాను. ఉత్తరాల తీగ పోలిక చక్కగా ఉంది. అయితే వెతికితే దొరుకుతుందన్న మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. ఏమని వెతకాలో తెలిసినప్పుడే అది దొరుకుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. రిఫండ్ ఎంత వచ్చిందో చూపే కాగితం కావాలని ఒక ఖాతాదారును అడిగాను. ఆయన మెయిల్‌లో రిఫండ్ అని వెతికితే చీరల దుకాణం, రైలు టికెట్ రద్దు, సెల్‌ఫోను రీఛార్జి అన్నీ వచ్చాయి, కావలసినది రాలేదు. ఆదాయపు పన్ను శాఖ పంపే ఆ పత్రం 143(1) సెక్షన్ కింద ఇచ్చే ఇంటిమేషన్ అన్న పేరుతో వస్తుంది. రిఫండ్ మొత్తం లోపలి పీడీఎఫ్‌లో ఉంటుంది, ఆ పీడీఎఫ్‌కు పాన్ నంబరూ పుట్టిన తేదీ కలిపిన పాస్‌వర్డు ఉంటుంది. తాళం వేసిన పీడీఎఫ్ లోపలి మాటలను మెయిల్ వెతుకులాట చూడలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, మ్యూచువల్ ఫండ్ల స్టేట్‌మెంట్లు కూడా ఎక్కువగా ఇలాగే తాళంతో వస్తాయి. మనకు అత్యవసరంగా కావలసిన కాగితాలే వెతుకులాటకు అందనివి కావడం గమనించండి.

మా పాత కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. జరిగినది జరిగినట్లు ఆ రోజు చిట్టాలో రాస్తారు, ఆ తర్వాత ఎవరి ఖాతా వారికి ఆవర్జాలో ఎక్కిస్తారు. ప్రతి చిల్లర ఖర్చుకూ ఆవర్జాలో పేజీ తెరవరు. మీరు 34 లేబుళ్లతో చేసినది అదేనమ్మా, చిల్లరకు కూడా పేజీలు తెరిచారు. అలాగని పేజీలే లేకుండా ఉంటే రిటర్నులు వేసే జూలైలో మాలాంటివారం ఇబ్బంది పడతాము. అందుకని చీరాల వారి రెండు లేబుళ్లకు మరో రెండు మాత్రమే కలపండి.

మొదటిది ఆర్థిక సంవత్సరం పేరుతో, 'పన్ను 2025-26' అన్నట్లు. జీతం మీద పన్ను కోసుకున్న యజమాని జూన్ 15 లోగా ఇవ్వవలసిన ఫారం 16, బ్యాంకు వడ్డీ పత్రాలు, బీమా ప్రీమియం రసీదులు, విరాళాల రసీదులు, రిటర్ను దాఖలు చేసిన రసీదు, ఆ తర్వాత వచ్చే ఇంటిమేషన్, అన్నీ అందులోకే. లోపల మళ్లీ విభజన వద్దు; ఏడాదికి ముప్పై నలభై మెయిళ్లకు మించవు, కంటితో చూసుకోవచ్చు. జీమెయిల్‌లో ఒక మెయిలుకు ఎన్ని లేబుళ్లైనా ఉండవచ్చు గనుక, నాన్నగారి బ్యాంకు నుంచి వచ్చిన పన్ను పత్రం ఎక్కడికి వెళ్లాలన్న మీ చిక్కుకు అసలు చోటే లేదు.

రెండవది 'గడువు'. దీన్ని చేత్తో తగిలించకండి, ఫిల్టరుతో, అంటే ఫలానావారి మెయిలు వస్తే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే నియమంతో తగిలించండి. కంప్యూటరులో వెతుకు పెట్టె కుడివైపున ఉన్న గీతల గుర్తు నొక్కి, బీమా సంస్థ మెయిలు చిరునామా ఇచ్చి, ఫిల్టరు తయారుచేయమనండి. అప్పుడు వచ్చే ఎంపికల్లో లేబుల్ తగిలించడం, నక్షత్రం పెట్టడం, స్పామ్‌కు ఎప్పుడూ పంపవద్దనడం, ప్రైమరీ వర్గంలో చూపమనడం, ఈ నాలుగూ ఎంచుకోండి. ఇకమీదట వచ్చే రెన్యువల్ మెయిలు చీరల ప్రకటనల మధ్య పడదు. ఆదాయపు పన్ను శాఖ మెయిళ్లకూ ఇదే చేయండి. రిటర్నులో లోపం ఉందని 139(9) సెక్షన్ కింద వచ్చే నోటీసుకు జవాబివ్వడానికి ఇచ్చే గడువు 15 రోజులు. ఆ నోటీసు మెయిలుకు వస్తుంది. చూడలేదన్నది సాకుగా పనికిరాదు.

మరొక్క మాట గట్టిగా చెబుతాను. మెయిలు గుర్తుచేస్తుందని నమ్మి కూర్చోవద్దు. పాలసీ చేతికి వచ్చిన రోజునే దాని గడువు తేదీకి నెల ముందు రోజున ఫోను క్యాలెండరులో రాసుకోండి, ప్రతి ఏటా పునరావృతమయ్యేలా పెట్టండి. నేను వంటింట్లో వేలాడే గోడ క్యాలెండరులో కూడా ఎర్రసిరాతో రాస్తాను. ఇంట్లో మరొకరికి కూడా తెలుస్తుంది.

మాదాపూర్ ఉద్యోగి

ఆఫీసు మెయిలు గురించి ఎవరూ రాయలేదు గనుక రెండు మాటలు. మా కార్యాలయంలో ఔట్‌లుక్ వాడతాము. నాకు రోజూ వచ్చే 120 మెయిళ్లలో నన్ను ఉద్దేశించి రాసినవి ముప్పై కూడా ఉండవు, మిగిలినవి సీసీలో, అంటే నకలు అందేవారి జాబితాలో, నా పేరు చేర్చినవి. సీసీలో వచ్చేవన్నీ వేరే ఫోల్డరులోకి వెళ్లేలా ఒక్క రూలు పెట్టాను, దాన్ని రోజుకు ఒకసారి మధ్యాహ్నం భోజనం తర్వాత చూస్తాను. మా మేనేజరు నుంచి వచ్చినవాటికి మాత్రం ఈ రూలు వర్తించకుండా మినహాయింపు పెట్టుకున్నాను. ఆ ఒక్క రూలు ఇచ్చినంత ఊరట మరేదీ ఇవ్వలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక ఇది. బ్యాంకుకు, పీఎఫ్‌కు, బీమాకు ఆఫీసు మెయిలు చిరునామా ఇవ్వకండి. ఉద్యోగం మానిన రోజునే ఆ ఖాతా మూతపడుతుంది. నా స్నేహితుడు ఒకరు పాత కంపెనీ చిరునామాకు వెళ్లే పాస్‌వర్డు మార్పు మెయిలు కోసం నెలల తరబడి తిరిగాడు.

గూడెం అధ్యాపకురాలు

మీ అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మూడు వారాలు చేసి చూశాక రాస్తున్నాను.

దసరా సెలవుల్లో ఒక ఉదయమంతా కూర్చుని పాతవన్నీ ఆర్కైవ్ చేశాను. అన్నింటినీ ఎంచుకోమనే ఆ నీలిరంగు వాక్యం గురించి చీరాల వారు చెప్పకపోతే నేను కూడా పేజీల వారీగానే చేస్తూ ఉండేదాన్ని. నక్షత్రాలు పెట్టినవి 31 మిగిలాయి. వాటిలో మా అబ్బాయి ఉపకార వేతనం దరఖాస్తులో ఒక పత్రం సరిగా లేదని వచ్చిన మెయిలు ఉంది, గడువు ఇంకా నాలుగు రోజులు ఉండగా దొరికింది. ఆ రోజు సాయంత్రమే పంపించాను.

ఒక పొరపాటు చేశాను, ఇతరులకు ఉపయోగపడుతుందని చెబుతున్నాను. బీమా ఫిల్టరులో పంపినవారి చిరునామాకు బదులు ప్రీమియం అనే మాట ఇచ్చాను. రెండు రోజుల్లో 'గడువు' లేబుల్ కింద పాటల యాప్ ప్రీమియం, పెళ్లిసంబంధాల వెబ్‌సైట్ ప్రీమియం సభ్యత్వం, ప్రీమియం బాస్మతి బియ్యం, అన్నీ నక్షత్రాలతో ప్రైమరీలో వచ్చి కూర్చున్నాయి. రాజమండ్రి వారు చిరునామా ఇవ్వమని ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది. ఆ సంస్థ రెండు మూడు చిరునామాలనుంచి పంపుతుంది గనుక, ఇప్పుడు ఎట్ గుర్తు తర్వాత వచ్చే భాగాన్ని మాత్రమే ఇచ్చాను. సరిగ్గా పనిచేస్తోంది.

ఫోనులో మెయిలును పక్కకు తోస్తే ఆర్కైవ్ అయ్యేలా అమర్చుకున్నాను. ఉదయం స్టాఫ్ రూములో పది నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు పడుతోంది. రెండు సందేహాలు మిగిలాయి. ప్రకటనలు రోజూ నలభై దాకా వస్తున్నాయి, వాటిని ఆపే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కడం సురక్షితమేనా? ఆర్కైవ్ చేసిన మెయిలుకు అవతలివారు తర్వాత జవాబిస్తే అది నాకు కనబడుతుందా? డాలస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా నాన్నగారి బీమా మెయిళ్లు తనకు చేరాలని అడుగుతున్నాడు.

రాజమండ్రి లెక్కలు

చాలా సంతోషమమ్మా. మీ తమ్ముడి సంగతి ముందు చెబుతాను. మీ ఖాతా అమరికల్లో ఆయన చిరునామాను ఫార్వర్డింగ్ కోసం చేర్చండి. ఆయనకు ఒక ధ్రువీకరణ మెయిలు వెళ్తుంది, ఆయన ఒప్పుకున్న తర్వాత మీ 'గడువు' ఫిల్టరులోనే ఆ చిరునామాకు పంపమని ఎంచుకోవచ్చు. మీ మెయిళ్లన్నీ వెళ్లవు, ఆ ఫిల్టరుకు తగిలినవి మాత్రమే వెళ్తాయి. పాస్‌వర్డు ఇచ్చిపుచ్చుకోవడం కంటే ఇది ఎంతో మేలు. అన్ని కాగితాలూ ఒకే చోట చేరిన ఖాతా గనుక రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) లేకపోతే ఈ రోజే పెట్టుకోండి.

చీరాల వాసి

అన్‌సబ్‌స్క్రైబ్ విషయంలో, మీరు ఎప్పుడో కొన్న దుకాణమో, మీరే చేరిన సేవో అయితే నిర్భయంగా నొక్కండి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారు ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు కల్పించి, రెండు రోజుల్లోగా దాన్ని అమలు చేయాలని గూగుల్ 2024లో నియమం పెట్టింది. మెయిలు లోపలి లింకు కాకుండా, పంపినవారి పేరు పక్కన జీమెయిల్ తానే చూపే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కడం ఇంకా మంచిది. 2025లో వచ్చిన మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్ పేజీలో, ఎక్కువగా పంపేవారు పైన ఉండేలా జాబితా కనిపిస్తుంది; రోజుకు ఐదుగురిని తొలగిస్తే వారంలో నలభై కాస్తా పదికి తగ్గుతాయి. మీకు బొత్తిగా తెలియనివారి నుంచి, లాటరీ తగిలిందనో కేవైసీ ఆగిపోయిందనో వచ్చినదాన్ని మాత్రం తెరవకుండా, అందులో ఏదీ నొక్కకుండా స్పామ్‌గా గుర్తించండి.

ఆర్కైవ్ చేసిన సంభాషణకు ఎవరైనా జవాబిస్తే, మీరు దాన్ని మ్యూట్ చేసి (ఇకపై జవాబులు ఇన్‌బాక్స్‌లోకి రాకుండా ఆపి) ఉంటే తప్ప, ఆ సంభాషణ మొత్తం మళ్లీ ఇన్‌బాక్స్ పైకి వస్తుందండీ. మా తాతగారికి తీగమీది ఉత్తరం కోసం చేయి పెట్టవలసి వచ్చేది, మీకు ఆ అవసరం కూడా ఉండదు.